నాలుగు పలకల మేకు

ఇంగ్లండ్ తూర్పున సఫోక్ ప్రాంతంలో ఒక బాబాయి ఉండేవాడు. తెనాలి దగ్గర పల్లె నుంచి వెళ్లి, అక్కడే డాక్టరుగా చేసి, అక్కడే రిటైరయ్యాడు. రిటైరయ్యాక ఆయనకి మెటల్ డిటెక్టర్ పిచ్చి పట్టింది. కోతలైన గోధుమ చేలల్లో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కర్ర చివర పళ్లెంలాంటి కాయిల్‌ని నేలకి రెండు వేళ్ల ఎత్తులో అటూ ఇటూ ఊపుకుంటూ గంటల తరబడి తిరిగేవాడు. ఇల్లు ఊడవమంటే నడుం నొప్పి, ఊరి పొలాలన్నీ ఊడ్చొస్తాడు అని పిన్ని దెప్పేది.

కొన్నేళ్లకి ఆయన అన్నగారి అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఆ దేశమే వచ్చాడు. ఆదివారాలు పిన్ని చేతి గోంగూర కోసం వస్తూ వస్తూ, బాబాయి పిచ్చి తనూ అంటించుకున్నాడు. అయితే బాబాయి మెషిన్‌కి తెర లేదు, అంకెలు లేవు. ఒకటే మోత, రెండు మీటలు. అబ్బాయి కొన్నది అలాంటిది కాదు. రంగుల తెర, సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా అంకెలు, లోహానికో స్వరం. కొన్న రోజే మాన్యువల్ మొత్తం చదివేశాడు.

ఆ అంకెల సంగతి కాస్త చెప్పుకోవాలి. కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. అది సెకనుకి వేలసార్లు దిక్కు మారుతూ ఉంటుంది. దాని దారిలో లోహం ఉంటే అందులో సుడిగుండాల్లా కరెంటు పుడుతుంది. ఆ కరెంటు తిరిగి తన క్షేత్రాన్ని పైకి పంపుతుంది, కొంచెం ఆలస్యంగా. ఇనుము తీరు వేరు, వెండి తీరు వేరు. ఆ తేడా చూసి మెషిన్ ఒక అంకె చెబుతుంది. మామూలుగా ఇనుము అట్టడుగున, సిగరెట్ పెట్టెల రేకు ఆ పైన, కూల్‌డ్రింక్ టిన్నుల మీద లాగే రింగు మధ్యలో, రాగి, వెండి పైన. డిస్క్రిమినేషన్ అంటే ఇందులో మనకి అక్కర్లేని అంకెల నోరు మూయించడం. మూయించాక అవి నేలలో ఉన్నా మెషిన్ పలకదు.

చిక్కల్లా ఏమిటంటే, అంకె లోహం పేరు చెప్పదు. లోహం, దాని సైజు, అది మట్టిలో వాలిన తీరు, లోతు, పక్కన ఏముంది, ఇవన్నీ కలిసి ఒక అంకె అవుతాయి. సన్నటి బంగారపుటుంగరం, టిన్ను మీది రింగు ఒకే అంకె దగ్గర కూర్చోగలవు. మాన్యువల్లో ఇదీ ఉంటుంది. కాకపోతే చివరి పేజీల్లో ఉంటుంది.

అబ్బాయి ఇనుము వద్దన్నాడు. రేకు వద్దన్నాడు. రింగులూ వద్దన్నాడు. ఇక పొలం ఎంత ప్రశాంతంగా ఉందంటే, గువ్వల కూతలు కూడా వినపడ్డాయి. గంటకోసారి మెషిన్ కుయ్యిమంటే తవ్వేవాడు. విక్టోరియా రాణి కాలం రాగి పెన్నీ ఒకటి, ఐదో జార్జి బొమ్మ ఉన్నది ఒకటి దొరికాయి. పక్క సాలులో బాబాయి మాత్రం పది అడుగులకోసారి మోకాళ్ల మీద కూలబడి, గడ్డపారలాంటి చిన్న పారతో మట్టి ఎత్తి, తీసిందాన్ని సంచీలో వేసుకుని, గుంత పూడ్చి, పైన కాలితో అదిమి లేచేవాడు. సాయంత్రం సంచీ బోర్లిస్తే తుప్పు మేకులు, తూటాల ఇత్తడి అడుగులు, ట్రాక్టర్ బోల్టులు, టిన్ను ముక్కలు.

"బాబాయ్, మీరు డిటెక్టింగ్ చేస్తున్నారా, పాత ఇనప సామాను కొంటున్నారా?"

"నీ పెన్నీలు ఎన్ని?"

"రెండు."

"నావి మూడు," అన్నాడు బాబాయి, మేకుల మధ్య నుంచి ఏరి చూపిస్తూ.

అబ్బాయి ఇంకో పని కూడా చేసేవాడు. ఫోన్లో, తమని తిరగనిచ్చిన రైతు పొలాల మ్యాప్ పెట్టుకుని, తిరిగిన చోటల్లా రంగు పులిమేవాడు. ఏదైనా దొరికిన చోట పచ్చరంగు, దొరకని చోట బూడిదరంగు. బూడిదరంగు మీద వేలు పెడితే "చూశాం, ఏమీ లేదు" అని వచ్చేది. వృత్తి బుద్ధి, తప్పు పట్టడానికి లేదు. మళ్లీ మళ్లీ అదే చోట కాళ్లరిగేలా తిరగడం ఎందుకని.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం వాగు పక్కన మూల పొలంలోకి వెళ్లారు. దాన్ని ఆ ఊళ్లో బార్న్ ఫీల్డ్ అంటారు. బార్న్ అంటే ధాన్యం కొట్టం. అక్కడ కొట్టమూ లేదు, గోడా లేదు, ఇటుక ముక్క కూడా పైకి కనపడదు. చెకుముకి రాళ్లు తేలిన బంకమట్టి, అంతే. అబ్బాయి ఆ మూల నుంచి ఈ మూలకి వరస తప్పకుండా తిరిగాడు. మెషిన్ కిక్కురుమనలేదు.

"ఈ పొలం ఖాళీ బాబాయ్," అని బూడిదరంగు పులిమేశాడు.

బాబాయి అప్పటికి వాగు వైపు మూలలో ఒకే చోట గంట నుంచి ఉన్నాడు. దగ్గరికి రమ్మని సైగ చేసి, అరచేతిలో ఒక మట్టి పుల్ల పెట్టాడు. బొటనవేలితో రుద్దాడు. బంకమట్టి జారిపోయి తుప్పు పట్టిన మేకు బయటపడింది.

"తిప్పి చూడు. గుండ్రంగా ఉందా?"

అబ్బాయి వేళ్ల మధ్య దొర్లించబోయాడు, దొర్లలేదు. నాలుగు పలకలు. తల దగ్గర లావుగా ఉండి, మొన దాకా సన్నబడుతూ పోయింది. తల మీద సుత్తి దెబ్బల పలకలు కూడా వేలికి తెలుస్తున్నాయి.

"మిషన్లో తీగ లాగి తెగ్గొట్టిన మేకైతే గుండ్రంగా ఉంటుంది. అవి పంతొమ్మిదో శతాబ్దం చివరికి గానీ మామూలైపోలేదు. ఇది కమ్మరి కొలిమిలో కాల్చి, దాగలి మీద సాగ్గొట్టింది. ఇట్లాంటివి ఈ మూలలోనే పదిహేడు తీశాను. అక్కడ నువ్వు నిలబడ్డ చోట ఒక్కటీ లేదు. ఏమర్థమైంది?"

"ఈ మూల చెత్త ఎక్కువని."

"ఒరేయ్! కొయ్య కుళ్లిపోయింది, కప్పు గడ్డి కుళ్లిపోయింది, మేకులు మాత్రం మిగిలాయి. మేకులున్న చోట దూలాలుండేవి. దూలాలున్న చోట ఇల్లో కొట్టమో ఉండేది. అక్కడ మనుషులు వంగేవాళ్లు, లేచేవాళ్లు, బుట్టలెత్తేవాళ్లు. మనిషి వంగిన చోటే కదా నడుముకున్న సంచీలోంచి డబ్బు జారేది. నీ మెషిన్ నీకు పెన్నీల గురించి చెప్తానంది. ఇల్లు ఎక్కడుందో చెప్పే వాటినేమో నువ్వే మాట్లాడొద్దన్నావు."

అబ్బాయికి కాస్త చురుక్కుమంది. తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క నిషేధమే ఎత్తేశాడు. ఒక్కసారిగా చెవుల్లో సంత మొదలైంది. గుర్రుమనేది, కీచుమనేది, తెగి తెగి పలికేది. పావుగంటకి తల దిమ్మెక్కింది. ఐదు మేకులు తీశాడు. ఆరో చోట గుర్రు మధ్యలో పిట్ట ముక్కుతో పొడిచినట్టు సన్నటి కిచ్. కాయిల్‌ని అటు తిప్పితే ఉంది, ఇటు తిప్పితే లేదు. మెల్లిగా, మళ్లీ మెల్లిగా ఊపి, ఆ మట్టిగడ్డ ఎత్తి చేత్తో నలిపాడు. ముందు మేకొచ్చింది. దాని పక్కన, బొటనవేలి గోట్లో సగం ఉండే ఓ రేకు ముక్క. దోసెని నాలుగు భాగాలుగా కోస్తే ఒక భాగం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. నల్లబడ్డ వెండి.

బాబాయి కళ్లజోడు పైకి నెట్టుకుని చూశాడు. ఒక అక్షరం సగం, శిలువ గీత ఒకటి.

"చిల్లర," అన్నాడు నవ్వుతూ. "అప్పట్లో ఇక్కడ పెన్నీ కంటే చిన్న నాణెం వేసేవాళ్లు కాదు. పావు పెన్నీ కావాలంటే పెన్నీనే నాలుగు ముక్కలు కత్తిరించుకోవడం. 1247 నుంచి శిలువ గీతని అంచు దాకా పొడుగ్గా అచ్చువేశారు, ఆ గీత వెంబడే కత్తిరించుకోవచ్చు. 1279లో మొదటి ఎడ్వర్డ్ గుండ్రటి చిల్లర వేయించాడు. అప్పట్నించి ఈ కత్తిరింపు తగ్గిపోయింది."

ఏడు వందల ఏళ్ల పైమాట. అబ్బాయి నోట మాట రాలేదు. ఆ గుంత అంచున తడి మట్టిలో ఒక బూటు గుర్తు ఉంది. కొత్త బూటు, అరగని గాళ్లు, పొద్దున పడింది. అబ్బాయి తన కాలు ఎత్తి చూసుకున్నాడు, అదే గుర్తు. పొద్దున దాని మీదుగానే నడిచాడు. నడుస్తూ "ఏమీ లేదు" అనుకున్నాడు.

ఎందుకో చెప్పకుండా బాబాయి ఆ వెండి ముక్కని నేల మీద పెట్టి, పొద్దున్న సెట్టింగే మళ్లీ పెట్టమన్నాడు. అబ్బాయి కాయిల్ ఊపాడు. నిశ్శబ్దం. అంత చిన్న ముక్క, అంత పల్చటి వెండి, రేకు అంకె దగ్గరే పడింది. రేకు వద్దన్నాడు కదా. సెట్టింగ్ తీసేసి ఊపితే కిచ్ అంది. ఈసారి బాబాయి వెండి ముక్క పక్కన బొటనవేలంత దూరంలో మేకు పెట్టి, ఇనుము ఒక్కటే వద్దనమన్నాడు. మళ్లీ నిశ్శబ్దం. ఇనుము నోరు మూస్తే, దాని నీడలో ఉన్న వెండి గొంతు కూడా పోయింది.

"ఇక నుంచి అన్నీ తవ్వుతాను బాబాయ్."

బాబాయి ఏమీ అనలేదు.

పై ఆదివారం రోడ్డు పక్క పొలానికి వెళ్లారు. ఆ రైతు దాంట్లో కంపోస్టు ఎరువు తోలించాడు. ఊళ్లోని తోటల చెత్తని మరలో వేసి నలగ్గొట్టి చేసే ఎరువు అది. దాంతో పాటు టిన్నులు, తీగలు, మూతలు అన్నీ నలిగి వస్తాయి. అబ్బాయి మాట ప్రకారం అన్నీ తవ్వాడు. మధ్యాహ్నానికి నడుం పడిపోయింది, సంచీ నిండా బ్లేడు ముక్కల్లాంటి అల్యూమినియం, వేలికి గాటు. తల ఎత్తి చూస్తే బాబాయి హాయిగా, చకచకా నడుచుకుంటూ పోతున్నాడు. ఆయన మెషిన్ మీద రెండో మీట చాలా దూరం తిరిగి ఉంది.

"అదేంటి బాబాయ్! వద్దనకూడదని మీరేగా చెప్పారు!"

"నేనా? ఎప్పుడు? పొద్దున వచ్చీ రాగానే అన్నీ తెరిచి ఒక గట్టు పొడవు విన్నాను. మొత్తం నలిగిన టిన్నే. అది తెలిశాక మీట తిప్పాను. దీంట్లో చిన్న వెండి ఉంటే నేను వదిలేసినట్టే. వదిలేస్తున్నానని నాకు తెలుసు."

గట్టు మీద కూర్చుని ఫ్లాస్కులో టీ పోసుకున్నాక ఆయన ఇంకో సంగతి చెప్పాడు. "రోగికి పది నిమిషాలు. అట్లా చూశాను ఇన్నేళ్లూ. పది నిమిషాల్లో అన్నీ వినలేవు, కొన్ని వదిలెయ్యాలి, లేకపోతే బయట కూర్చున్నవాళ్లు చస్తారు. మోకాలి నొప్పి అని వస్తాడు. మందు రాసిస్తాం. లేచి, తలుపు మీద చెయ్యేసి, 'అన్నట్టు డాక్టర్' అంటాడు. అసలు జబ్బు చాలాసార్లు అక్కడ బయటికొస్తుంది. ఒకాయన అట్లా ఆగితే, నేను తర్వాతి ఫైలు తెరిచేశాను." అక్కడ ఆపేశాడు. అబ్బాయి కూడా అడగలేదు.

ఆ వెండి ముక్కని నమోదు చేయించడానికి ఇద్దరూ వెళ్లారు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇట్లా దొరికిన పాత వస్తువుల్ని రాసుకోవడానికి 1997 నుంచి ఒక పథకం నడుస్తోంది, ప్రాంతానికో అధికారి ఉంటారు. అక్కడి అధికారిణి నాణేన్ని తూచి, ఫొటో తీసి, ఇంకేమైనా దొరికిందా అని అడిగింది. బాబాయి మేకుల సంచీ, అవి దొరికిన చోట్లు గీసిన కాగితం బల్ల మీద పెట్టాడు. ఆవిడ నాణెం కంటే ఆ కాగితాన్నే ఎక్కువసేపు చూసింది.

ఆ రాత్రి అబ్బాయి ఫోన్ తీసి మ్యాప్‌లో బూడిదరంగు చోట్లన్నీ ఒక్కొక్కటే తెరిచాడు. "చూశాం, ఏమీ లేదు" చెరిపేసి, "ఇనుము, రేకు, రింగులు వద్దనుకుని చూశాం" అని రాశాడు. మొత్తం పదకొండు చోట్ల.

కథ ఇంతే. నీతి కథకి నీతి చెప్పకపోతే మన పెద్దవాళ్లు ఊరుకోరు కాబట్టి, నాకు తోచింది చెబుతాను.

అన్నీ వినాలన్నది ఇందులో నీతి కాదు. అన్నీ వినేవాడికి కంపోస్టు పొలంలో నడుం పడిపోతుంది. వడపోత లేకుండా ఏ పనీ సాగదు, వంటింట్లో జల్లెడ దగ్గర్నుంచి. ఖాళీ నేల మౌనం, మనం నోరు మూయించిన నేల మౌనం చెవికి ఒక్కలాగే ఉంటాయి. ఏది ఏదో మెషిన్ చెప్పదు, మనమే గుర్తుపెట్టుకోవాలి. అబ్బాయి ఇనుము వద్దనడం తప్పు కాదు. వద్దన్న సంగతి మరిచిపోయి, ఏమీ లేదని రాసుకోవడం తప్పు.

ఇంగ్లీషు వాళ్లు ఆ మీట మీద డిస్క్రిమినేషన్ అని ఒకే మాట రాసి ఊరుకున్నారు. మనకి రెండు మాటలున్నాయి: విచక్షణ, వివక్ష. విని, చూసి, వేరు చేస్తే విచక్షణ. వినకముందే పక్కన పెడితే వివక్ష. మీట ఒకటే, తిప్పే వేళని బట్టి పేరు మారుతుంది. సంస్కృతంలో వివక్ష అంటే చెప్పాలనే కోరిక అట! తెలుగులోకొచ్చి ఎదుటివాణ్ని చెప్పనివ్వకపోవడమైంది. భాష కూడా అప్పుడప్పుడు మనతో ఆడుకుంటుంది.

పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ తెరిచిన తల్లిదండ్రుల్ని చూస్తే నాకీ అబ్బాయే గుర్తొస్తాడు. ఎత్తు ఇంత, జీతం ఇంత, ఊరు ఫలానా, శాఖ ఫలానా అని ఎనిమిది గళ్లు నింపి, తెర మీద నలుగురు మిగిలాక, "ఈ రోజుల్లో మంచి సంబంధాలే లేవండీ" అంటారు. లేవా, వద్దన్నారా? ఎనిమిది గళ్లు తెరిచి ఒక్క సాయంత్రం చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత మూసుకున్నా నేను అడ్డు చెప్పను.

ఇది చదివి ఎవరైనా డిటెక్టర్ కొని మన ఊళ్లో పాత గుడి చుట్టూ బయల్దేరేరు, ఆగండి. ఇంగ్లండ్‌లో రైతు అనుమతి, రాతకోతలు, చట్టం ప్రకారం నిధి అయితే పద్నాలుగు రోజుల్లో చెప్పడం, ఇవన్నీ ఉన్నాయి. ఇక్కడ 1878 నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాచిన విలువైన వస్తువు పది రూపాయలు మించితే కలెక్టరుకి తెలియజేయాలి. గుప్తనిధుల పేరుతో పునాదులు పెళ్లగించిన గుళ్లు మనకి చాలానే ఉన్నాయి. తొలకరికి జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వంగేవాళ్లకైతే ఈ మెషిన్ వల్ల ఉపయోగమే లేదు. వజ్రం లోహం కాదు, ఏ సెట్టింగ్‌లోనూ పలకదు.

ఇక ఆ బాబాయి తిరిగే సఫోక్‌లోనే హాక్సన్ అనే ఊళ్లో నిజంగా జరిగింది ఒకటి చెప్పి ముగిస్తాను. 1992 నవంబరు 16న ఒక రైతు తన సుత్తి పొలంలో పోయిందని స్నేహితుణ్ని వెతికిపెట్టమన్నాడు. ఆయన పేరు ఎరిక్ లాస్, రిటైరైనప్పుడు కానుకగా వచ్చిన డిటెక్టర్ తీసుకుని వెళ్లాడు. సుత్తి అంటే ఇనుము. ఇనుము వద్దనే మీట తిప్పుకుని సుత్తి కోసం ఎవరూ బయల్దేరరు. వెతుకుతుంటే రోమన్ల కాలం నాణేలు, వెండి గరిటెలు బయటపడ్డాయి. ఆయన ఆశపడి అడుగుదాకా తవ్వలేదు. ఆపి కబురు చేశాడు. మర్నాడు పురావస్తు శాఖవాళ్లు వచ్చి పద్ధతిగా తీస్తే, కుళ్లిపోయిన చెక్కపెట్టె ఆనవాళ్లతో సహా దాదాపు పదిహేను వేల బంగారు, వెండి, కంచు నాణేలు, నగలు, వెండి సామాను లెక్కకి వచ్చాయి. అందులో మిరియాల పొడి చల్లుకునే వెండి డబ్బాలు కూడా ఉన్నాయి. ఆ మిరియాలు రోమన్లకి ఇండియా నుంచే వెళ్లేవి. నిధికి కట్టిన వెల పదిహేడున్నర లక్షల పౌండ్లు, రైతుతో కలిసి పంచుకున్నాడు.

ఇప్పుడదంతా లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పోయిన సుత్తి కూడా దొరికింది. అదీ అక్కడే ఉంది.